తెరపై గానరాని తెప్ప

సముద్రమును గూర్చి హైదరాబాదు పత్రికకేమి పనియని కొందరు పాఠకులు మమ్మడుగవచ్చును. అబిడ్సు కూడలిలో నెంతసేపు నిలిచినను ఉప్పునీటి గాలి సోకదు. నాంపల్లి స్టేషనులో సాయంకాలము రైలెక్కినవాడు రాత్రియంతయు కునికిపాట్లు పడి, తెల్లవారినపిమ్మట విశాఖపట్టణములో దిగినగాని కెరటమును జూడజాలడు. నిజమే. కాని సముద్రము మన వాకిటికి రాకున్నను, సముద్రము పేరు చెప్పి మన బిడ్డల మూటలు విప్పించువారు మన వీథిలోనే దుకాణములు తెరచియున్నారు. సముద్రములో ఓడక్రింద పడి పోవువారిలో మన భాష మాటలాడువారును ఉండదగుదురు. ఈ రెండు కారణములు చాలునని మా యభిప్రాయము.

గడచిన వేసవిలో నల్లగొండవైపు పల్లెనుండి యొక యువకుడు తల్లిని వెంటబెట్టుకొని నాంపల్లి న్యాయస్థానముల చెంతనున్న మా గదికి వచ్చెను. చేతిలో నొక ప్లాస్టిక్ సంచి, సంచినిండ కాగితములు. అబిడ్సులో మెట్లెక్కి పోవు నొక మేడగదిలో గోడలకు తెల్లని యోడల బొమ్మలు వ్రేలగట్టి, ఓడలో కొలువిప్పింతుమని చెప్పి, రెండు లక్షల పైచిలుకు సొమ్ము గొనిరట. సొమ్ము ముట్టగానే కాగితములు వచ్చినవి. కొలువు రాలేదు. కొన్నాళ్లకు మేడగదికి తాళము పడినది. "ఉన్న బంగారమంత అమ్మి గీ కాయిదాలు కొనుక్కున్నం, వకీలు సాబ్" అని యా తల్లి సంచిని మా బల్లమీద పెట్టినది.

కాగితముల నొక్కటొక్కటిగా జూచితిమి. ఈ యువకుడు రాడారు సిమ్యులేటరుపై ఓడలు ఢీకొనకుండ తప్పించు విద్యను సంపూర్ణముగా నభ్యసించినాడని అందొకటి చెప్పుచున్నది. ముద్ర కలదు, సంతకము కలదు, బంగారువన్నె యంచును కలదు. "నాయనా, తెరమీద నేమి చూచితివి?" అని యడిగితిమి. ఒక సాయంకాలము కంప్యూటరులో నేదో బొమ్మ చూపిరనియు, పిమ్మట సంతకము చేయించుకొనిరనియు చెప్పెను. "నీ కుడిచేతివైపునుండి మరియొక యోడ వచ్చుచున్నచో ఎవరు తప్పుకొనవలెను?" అతడు తల్లి ముఖము జూచెను.

విశేషమేమన, ఆ విద్య ఓడను నడిపించు అధికారులకు విధింపబడినది. పదవ తరగతి చదివి ఖలాసీగా పోదలచినవానికి ఆ పత్రము అక్కరయే లేదు. అక్కరలేని విద్యను, నేర్పకయే, నేర్పితిమని వ్రాసి యమ్మిరి! ఓడలకు మనుష్యులను పంపువారు నౌకాయాన డైరెక్టరు జనరలుగారి యనుమతిపత్రము పొందియుండవలెను. కొలువిప్పించుటకు నావికునినుండి రుసుము గొనుట నిషిద్ధము. ఇవి బహిరంగముగా ప్రకటింపబడిన నియమములే. పాత శిక్షాస్మృతిలో 420వ సెక్షనుగా ప్రసిద్ధికెక్కిన నేరము 2024 జులై నుండి 318 అయినది. సంఖ్య మారినది గాని వృత్తి మారలేదు. ఆ వ్యాజ్యము న్యాయస్థానములో నున్నది గనుక దానిని గూర్చి యింతకుమించి వ్రాయము. ఆ కాగితము మాత్రము మాకు నిద్ర పట్టనీయలేదు. దానిలో పేర్కొన్న విద్య యెట్టిదో, అది యెవరికి నేర్పబడుచున్నదో, ఎవరికి నేర్పబడకున్నదో తెలిసికొనదలచితిమి. తెలిసికొన్నకొలది, మేడగది మోసముకంటె పెద్ద లోపమొకటి కానవచ్చినది.

సిమ్యులేటరనగా నొక గది. ఓడ పైభాగమున అధికారి నిలుచు తావువలె దానిలో చుక్కాని, ఇంజను మీటలు, రాడారు తెర యుండును. కిటికీలకు బదులు చిత్రములు కదలు పెద్ద తెరలు. ప్రక్కగదిలో గురువు కూర్చుండి తన యిష్టము చొప్పున రాత్రిని గావించును, మంచు క్రమ్మించును, ఎదురుగా నోడలను బంపును. శిష్యుడు తప్పు చేసిన ఓడ మునుగును. మరుక్షణమున మరల తేలును. ప్రాణహాని లేకుండ తప్పులన్నియు చేసి ముగించుకొనుటకు మనుష్యుడు కట్టుకొన్న గది యది. ఇట్టి గది మన న్యాయవాదులకు, రాజకీయ నాయకులకు గూడ నున్న నెంత బాగుండెడిది!

రాడారు తెర నడుమనున్న చుక్క మన యోడ. చుట్టునున్న వెలుగుమచ్చలు ఇతరుల యోడలు. తెరమీద మచ్చ కదలుచున్న దారి ఆ యోడ నిజముగా బోవుచున్న దారి కాకపోవుటయే యిందలి చిక్కు. మన కదలికయు, దాని కదలికయు కలిసి ఏర్పడిన దారి యది. రైలులో గూర్చున్నవానికి చెట్లు వెనుకకు పరుగెత్తునట్లే యిదియును. కావున శిష్యుడు మచ్చయున్న చోట నొక గుర్తు పెట్టి, 6 నిమిషములాగి రెండవ గుర్తును, మరి 6 నిమిషములకు మూడవ గుర్తును పెట్టి, మూటిని గీతతో గలుపును. 6 నిమిషములే యేల? అది గంటలో పదవవంతు; ఆ వ్యవధిలో గడచిన దూరమును పదింతలు చేసినచో వేగము తేలును. గీతను ముందునకు పొడిగింపగా అది నడిమిచుక్క కెంత దూరమున బోవునో, మార్పేమియు చేయకున్నచో ఆ యోడ మనలనంత దూరమున దాటును. గీత చుక్కమీదుగనే పోయినచో ఢీ తప్పదు. నేటి యంత్రములు ఈ లెక్కలను తామే వేసి చూపుచున్నవి. అయినను యంత్రము చూపిన దానిని ఎప్పుడు నమ్మవలెనో, ఎప్పుడు శంకింపవలెనో తెలియుటకు చేతితో గీత గీయుట వచ్చియుండవలెను.

ఈ విద్యలోని మూలసూత్రమును అబిడ్సులో ఆటో నడుపువారందరు పుస్తకము ముట్టకయే యెరుగుదురు. ప్రక్కదారినుండి వచ్చు బస్సు తన యద్దములో నొకే చోట నిలిచి క్రమముగా పెద్దదగుచున్నచో అది తనను తాకునని ఆటోవానికి తెలియును. ఒక ప్రక్కకు జరుగుచున్నచో తాకదనియు తెలియును. నావికుల నియమావళి చెప్పునదియు నిదియే: సమీపించుచున్న యోడ దిక్సూచిపై నొకే దిక్కున నిలిచియున్నచో ప్రమాదమున్నదని యెంచవలెను. భేద మొక్కటి కలదు. ఆటోకు బ్రేకు కలదు. నిండు సరకుతో బోవు పెద్ద యోడ ఇంజను నాపినను మైళ్లకొలది పోయినగాని నిలువదు. 15 నాట్ల వేగముగల రెండోడలు ఎదురెదురుగా వచ్చుచున్నచో 6 నిమిషములలో వాని నడిమి దూరము 3 నాటికల్ మైళ్లు తరిగిపోవును. హారను మ్రోగించి సందు దూరుట మన నగర సంప్రదాయము, సముద్రమున చెల్లదు.

రాడారు పుట్టుకయే ఢీలను తప్పించుటకు. 1904 మే నెలలో జర్మనీలోని కొలోను పట్టణమున క్రిస్టియన్ హుల్స్‌మేయరను యువకుడు రైను నది వంతెనమీద నిలిచి, విద్యుత్తరంగములను బంపి, ఓడలకు తగిలి తిరిగివచ్చిన వానిని గంటమ్రోతగా వినిపించెను. మంచులో నోడలు ఒండొంటిని గుర్తింపవలెనని యతని కోరిక. కొనువారు లేకపోయిరి. పిమ్మట యుద్ధము వచ్చి, విమానములను గూల్చుటకు పనికివచ్చునని తేలినప్పుడే ప్రభుత్వముల కా విద్యపై ప్రేమ కలిగినది. ప్రాణము గాపాడు విద్యకు కాని పెట్టనివాడు ప్రాణము దీయు విద్యకు బొక్కసము తెరచుట లోకములో క్రొత్తది కాదు.

యుద్ధానంతరము పెద్ద యోడలన్నిటికిని రాడారు వచ్చినది. ఇక ఢీలు లేవనుకొనిరి. 1956 జులై 25వ తేది రాత్రి అమెరికా తీరమున నాంటకెట్టు చెంత ఆండ్రియా డోరియా యను ఇటలీ ప్రయాణికుల యోడయు, స్టాకుహోము అను స్వీడను ఓడయు ఢీకొనినవి. రెంటికిని రాడారు కలదు. మైళ్ల దూరమునుండియే ఒండొంటిని తెరపై జూచుచునే యున్నవి. ఆండ్రియా డోరియాపై నధికారులు మచ్చను కనులతో జూచిరేగాని గుర్తులు పెట్టి గీత గీయలేదు. ఒక యోడ యెడమకు తిరిగెను, మరియొకటి కుడికి తిరిగెను. తప్పుకొనుచున్నామని రెండును తలచినవి. 51 మంది మరణించిరి. మరునాటి యుదయమున ఆ సుందరమైన నౌక మునిగిపోయెను. రాడారు సాయముతో జరిగిన ఢీ యని నావికులు ఇట్టివానికి ఎగతాళి పేరు పెట్టుకొనిరి. కన్ను క్రొత్తదైనను దానితో జూచుట నేర్వవలెనను బుద్ధి ఇట్టి యనుభవములతో ప్రపంచమునకు గలిగెను.

ఆ బుద్ధి చట్టముగా మారుటకు కొంతకాలము పట్టినది. 1972లో కుదిరి 1977 జులై 15 నుండి యమలులోనికి వచ్చిన సముద్రమార్గ నియమములలో 7వది, చాలీచాలని సమాచారముపై, ముఖ్యముగా చాలీచాలని రాడారు సమాచారముపై, ఊహలు కట్టరాదని శాసించుచున్నది. దారి మార్చినచో ఎదుటివానికి స్పష్టముగా దెలియునంత పెద్ద మార్పు చేయవలెననియు, కొంచెము కొంచెముగా తిప్పరాదనియు 8వది చెప్పుచున్నది. 1978లో నావికుల శిక్షణకు అంతర్జాతీయ యొడంబడిక కుదిరినది. 1995లో దానిని సవరించి, రాడారు విద్యను సిమ్యులేటరుపైననే నేర్పవలెనని విధించిరి. మేడగదివారు వ్రాసియిచ్చిన యొక్క కాగితము వెనుక నింత చరిత్ర కలదు.

ఇచట వకీలు బుద్ధి చూపక తప్పదు. ఒడంబడిక పాఠమును జూచితిమి. రాడారు సిమ్యులేటరులో కనీసము 20 లక్ష్యనౌకలు ఉండవలెనని యందు వ్రాసియున్నది. వాన, ప్రవాహములు, తీరరేఖలు, దొంగమచ్చలు గూడ నుండవలెనన్నారు. మెచ్చుకొంటిమి. కాని యా ఇరువదిలో నొక్కటియైనను వలవేసి నిలిచిన చెక్కపడవ కావలెనను మాట యా వాక్యములో లేదు. గురువు తలచిన పెట్టవచ్చును. మంచి గురువులు పెట్టుచునే యుందురు. తలపకున్న నడుగువాడు లేడు. మేము న్యాయకళాశాలలో చదువునపుడు మాదిరి న్యాయస్థానములో వాదించితిమి. అందరు కక్షిదారులును శుభ్రముగా మాటలాడువారే, అందరి పత్రములును సక్రమములే! తరువాత నాంపల్లిలో మా మొదటి కక్షిదారు వచ్చినప్పుడు, వ్రేలిముద్ర తప్ప వేరు పత్రమేదియు లేనివాడు, మా చదువు మాట దప్పినది. మాదిరి గదిలో లేనివానిని నిజమైన గదిలో గుర్తించుట కష్టము.

మన తూర్పుతీరమున రాత్రి యెట్లుండును? ఇచ్ఛాపురమునుండి తడవరకు సుమారు వేయి కిలోమీటర్ల యంచు. భీమునిపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము, నిజాంపట్టణము. చీకటిపడగానే ఫైబరు పడవలు, మరపడవలు వలలతో బయలుదేరును. పడవకొక మసకదీపము. దూరమున విశాఖ రేవునకు, గంగవరమునకు, కృష్ణపట్టణమునకు పోవు బొగ్గు యోడలు, చమురు నావలు. ఇనుపయోడ రాడారు తరంగమును బలముగా తిరుగగొట్టును. చెక్కయు, ఫైబరును మిగుల స్వల్పముగా గొట్టును. ఆపైన కెరటములును తెరపై మచ్చలు పుట్టించును. సముద్రము రేగిన రాత్రి తెరనడుమ అంతయు మచ్చలమయమగును. దానిని తగ్గించుటకు అధికారికి చేతిక్రింద నొక మీట కలదు. మీట త్రిప్పగానే కెరటముల మచ్చలు మాయమగును, తెర శుభ్రమగును. అదే త్రిప్పుతో పడవ మచ్చయు మాయమగును. అందు నలుగురైదుగురు మనుష్యులుందురు.

ఇది కల్పన కాదు. 2012 మార్చి 1వ తేదిన కేరళలోని అలప్పుళ తీరమున ప్రభుదయ యను సరకుల యోడ తాకి చేపలపడవ మునిగి ఐదుగురు మరణించిరి. 2017 జూన్ 11న కొచ్చి చెంత నిలిచియున్న పడవను పనామా జెండాగల ఆంబర్ ఎల్ అను ఓడ కొట్టినది. 2021 ఏప్రిల్‌లో మంగళూరునకు దూరముగా ఏ.పి.ఎల్. లెహావ్రె యను పెద్ద యోడకు తగిలిన పడవలో 14 మంది యుండగా బ్రతికి బయటపడినవా రిద్దరే. ఇవి పడమటి తీరపు సంగతులు గదా యందురేమో. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల జాలరులు బ్రదుకుదెరువుకొరకు గుజరాతులోని వేరావలు వరకు పోవుచుండుట ఎవరెరుగరు? 2018 నవంబరులో పాకిస్థానువారికి చిక్కి 2020 జనవరిలో ఇల్లు చేరినవారు మనవారే. వారు పోని తీరమేది?

పెద్ద యోడలు పరస్పరము కొట్టుకొన్నను నష్టము చిన్నవానికే. 2017 జనవరి 28వ తేది తెల్లవారకముందు ఎన్నూరు రేవు వెలుపల డాన్ కాంచీపురము, బి.డబ్ల్యు. మేపిల్ అను రెండోడలు ఢీకొనినవి. రెండింటను రాడారులు, శిక్షణపత్రములుగల యధికారులు. నల్లని చమురు ఒడ్డునకు రాగా దానిని జాలరులును, స్వచ్ఛంద సేవకులును బకెట్లతో తోడిపోసిరి. తెరమీది విద్య తప్పినచోట బకెట్టు పట్టవలసినవాడు ఒడ్డుననున్నవాడే.

దీనికి పెద్దలు చెప్పు సమాధానము మాకు తెలియును. జాలరులే అజాగ్రత్తపరులు, దీపము సరిగా పెట్టరు, వల వేసి నిద్రింతురు, ఓడల దారిలో చొరబడుదురు అని. కొంత నిజము కలదు, దాచనేల? కావలి కాయుట 5వ నియమము ప్రకారము చిన్న పడవకును విధియే. ఇరుకైన రేవుదారిలో చేపలు పట్టుచు ఇతరుల కడ్డుపడరాదనియు నియమము కలదు. కాని అదే నియమావళిలో 18వది, వలవేసి కదలలేని పడవకు ఇంజనుతో నడచు నోడయే తప్పుకొనవలెనని చెప్పుచున్నది. వల లాగుచున్న పడవకు తెల్లదీపముపైన పచ్చదీపము, ఇతర విధముల చేపలు పట్టుదానికి తెల్లదీపముపైన ఎర్రదీపము ఉండవలెనని గుర్తులు నిర్ణయించినది. ఈ హక్కును, ఈ విధిని, ఈ దీపముల భాషను మన జాలరికి ఎవరు, ఏ భాషలో చెప్పిరి? ఆదివారము అబిడ్సు కాలిబాటలపై పాతపుస్తకముల రాసులను గంటలకొలది తిరుగవేసితిమి. నావికుల నియమావళి ఆంగ్లప్రతి యొకటి, ఎవరో విద్యార్థి పెన్సిలు గీతలతో, దొరికినది. తెలుగు ప్రతి కొరకు ప్రతి రాసి కడను అడిగితిమి. "సముద్రం పుస్తకాలా సార్, పిల్లల బొమ్మల పుస్తకాలున్నయి" అని యొకడు సానుభూతితో చెప్పెను.

సముద్రభాష ఆంగ్లమే గదా యని మరియొక యాక్షేపణ. ఓడ యోడతో మాటలాడునప్పుడు ఆంగ్లము కావలె ననుటకు మేమడ్డుపడము. కాని విద్య బుఱ్ఱకెక్కుటకు తల్లిభాష కావలెను. కుడివైపునుండి వచ్చువానికి దారి యిమ్మను మాటలో ఆంగ్లములోనే చెప్పదగిన రహస్యమేమున్నది? 1948 మార్చి 14న విశాఖలోని సింధియావారి కర్మాగారమున జలఉషను నెహ్రూగారు నీటిలోనికి విడిచినారు. ఓడను కట్టగలిగిన జాతి ఓడత్రోవను తన మాటలో చెప్పుకొనలేదా?

మూడవ యాక్షేపణ యంత్రభక్తులది. పడవలకు ట్రాన్స్‌పాండర్లు వచ్చుచున్నవి, ఇక చింత లేదందురు. 2024 ఆగస్టులో కేంద్రప్రభుత్వము లక్ష పడవలకు అట్టి పరికరములు అమర్చు పథకమును ప్రారంభించిన మాట నిజము. మేము హర్షింతుము. అవి తుపాను వార్తలను మోయును, ఆపదలోనున్నవాని మొఱను ఒడ్డునకు చేర్చును. అయినను 1956 నాటి రెండోడల కథ మరువరాదు. చూచు సాధనము చేతికిచ్చుటతో చూపు రాదు.

హైదరాబాదున కిందేమి బాధ్యత యనుదురా? ఓరుగల్లుకు సముద్రమెక్కడిది? అయినను కాకతి గణపతిదేవుడు 1244-45 ప్రాంతమున మోటుపల్లి రేవులో అభయశాసనము వేయించెను. గాలివానకు చెదరి తీరమున పడిన యోడల సరకును రాజులు దోచుకొను నాచారమును తాను విడిచితినని, న్యాయమైన సుంకము మాత్రమే గొందునని పరదేశపు వర్తకులకు మాట యిచ్చెను. ఉప్పునీరెరుగని కోటలోని రాజు నీటిపైనున్నవాని మేలు తలచుట మనకు పరాయి సంప్రదాయము కాదు.

అంతదూర మేల? మన నగరముననే ప్రగతినగరు చెంత 1999లో నెలకొల్పబడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవాకేంద్రము కలదు. చేపలెక్కడ దొరకునో, కెరటమెంత యెత్తు లేచునో అక్కడనుండి తీరములకు వార్త పోవుచున్నది, తెలుగులోను పోవుచున్నది. 2007 నుండి సునామీ హెచ్చరికలును ఆ కేంద్రమునుండియే. సముద్రము లేని నగరము సముద్రము పైనున్నవానితో ప్రతిదినము తెలుగులో మాటలాడుచున్నదని మన రీడింగురూములలో నెందరికి తెలియును? కెరటము వచ్చుచున్నదని తెలుగులో చెప్పగలిగినప్పుడు, ఓడ వచ్చుచున్నది, ఇటు తిరుగుమని తెలుగులో నేర్పుటకు అడ్డేమి?

మేము కోరునది పెద్ద ధనవ్యయముతో కూడినది కాదు. విశాఖలో కేంద్ర మత్స్యనావిక శిక్షణసంస్థ శాఖ యున్నది. చేపలనావలు నడుపువారికి చదువు చెప్పుటయే దాని పని. అట్టివారు మన నగరపు యంత్రజ్ఞులతో గలిసి తేలికపాటి సిమ్యులేటరును తయారుచేయవలెను. గోడలంత తెరలు వలదు; ఒక కంప్యూటరు, ఒక తెర చాలును. దానిలో ఊహాసముద్రమునకు బదులు మన కాకినాడ అఖాతమును, మన విశాఖ బారును పెట్టవలెను. దానిని వ్యానులో వేసుకొని జాలరిపేటలకు బోవలెను. జాలరిని ఓడయధికారి కుర్చీలో కూర్చుండబెట్టవలెను. కెరటముల మచ్చలను తగ్గించు మీటను అతని చేతనే త్రిప్పించి, తన పడవ తెరమీదినుండి మాయమగుటను అతని కన్నులతోనే చూపవలెను. పిమ్మట మూడు లోహపు రేకులను ఒండొంటికి లంబముగా కూర్చిన ప్రతిఫలకమును కొయ్యకు గట్టినచో తరంగము వచ్చిన దిక్కుకే తిరిగిపోయి, మచ్చ మరల వెలుగుట చూపవలెను. ఆ రేకులను కట్టుమని యతనికి మరల ఉపన్యాసమక్కరలేదు. అట్లే, ఓడయధికారి కాగోరు ప్రతి విద్యార్థిని ఒక రాత్రి వలపడవలో సముద్రము మీదికి పంపవలెను. మసకదీపము క్రింద గూర్చుండి, మేడవంటి యోడ తనమీదికి వచ్చుచున్నప్పుడు అది తనను చూచినదో లేదో తెలియక గడపు ఘడియ యెట్టిదో అతడొకసారి యెరుగవలెను. ఒడంబడికలోని ఆ ఇరువది లక్ష్యనౌకలలో వలపడవ తప్పనిసరి కావలెనని మన ప్రభుత్వము అంతర్జాతీయ నౌకాయాన సంస్థ సభలో వాదింపవలెను. అంతవరకు కాచుకొననక్కరలేదు, మన దేశములోని శిక్షణాలయములకు మన డైరెక్టరు జనరలుగారు ఆజ్ఞాపింపవచ్చును.

మేడగదుల సంగతి వేరు. సిమ్యులేటరు పత్రమిచ్చు ప్రతిచోటను, ఏ విద్యార్థి ఏ దినమున నెన్ని గంటలు కూర్చుండెను, ఏయే అభ్యాసములు చేసెను, ఎన్నిమారులు ఢీకొట్టెను అను చిట్టా యంత్రములోనే నిలుచునట్లు చేయవచ్చును. ఒక్కసారియైనను ఢీకొట్టని విద్యార్థి పత్రమును చూచినచో మాకు అనుమానమే కలుగును. సొమ్ము చెల్లింపబోవు తల్లిదండ్రులు ముందుగా నౌకాయాన శాఖవారి జాబితాలో ఆ సంస్థ పేరున్నదో లేదో చూచుకొనవలెను. మా వకీలుమిత్రులలో కొందరము ఆ జాబితాను వెదకి చెప్పుటకు శనివారము సాయంకాలములు కేటాయించుకొన్నాము. రుసుము లేదు.

ఆ నియమములలో 5, 7, 8, 15, 18 సంఖ్యలుగల వానిని మేము తెలుగు చేసి, పెద్ద యక్షరములతో వ్రాయించి, మా రీడింగురూము బల్లపై నంటించితిమి. నావికశాస్త్రమెరిగిన పాఠకులు తప్పులున్న దిద్దవలయునని ప్రార్థన. తీరమునందలి గ్రంథాలయములవారు కోరినచో ప్రతులు పంపుదుము.

మొన్న వాయిదాకు వచ్చిన ఆ యువకుడు బల్లయెదుట చాలసేపు నిలిచి చదివెను. న్యాయమూర్తిగారు సెలవులో నుండుటచే వ్యాజ్యము మరల వాయిదా పడినది. బస్సుకు వేళ మిగిలియుండగా మా గదిలో తెల్లకాగితముపై వృత్తము గీసి, నడుమ నొక చుక్క పెట్టి, అగ్గిపెట్టెను ఓడగా జరుపుచు, 6 నిమిషముల కొక గుర్తు చొప్పున పెట్టింపసాగితిమి. మొదటిమారు ఎడమకు తిరిగి ఢీకొట్టెను. రెండవమారు మిక్కిలి యాలస్యముగా తిరిగి మరల ఢీకొట్టెను. మూడవమారు గీతను పొడిగించి, నడిమిచుక్కమీదుగా బోవుట గనిపెట్టి, "ఇప్పుడే కుడికి తిప్పాలె సార్, మంచిగ తిప్పాలె" అనెను. తల్లి ఆ కాగితమును మడచి తన సంచిలో నుంచుకొనినది.